అత్తయ్య పాటలు, కరెంటు తంబూరా

మార్చి 9, 2025, ఆదివారం

మొత్తానికి ఈరోజు మొదలుపెట్టాం. డాలస్‌లో ఉంటున్న వదిన వాళ్ళ అమ్మాయికి ఆగస్టులో పెళ్ళి. "అమ్మ పాడే పెళ్ళిపాటలన్నీ రికార్డు చేసిపెట్టరా" అని సంక్రాంతి నుంచి ఫోను చేసినప్పుడల్లా అడుగుతోంది. వదిన వాళ్ళ అమ్మ అంటే మా మేనత్త. 71 ఏళ్ళు. మాకు రెండు లైన్ల అవతల ఉంటుంది. నలుగు పాట, తలంబ్రాల పాట, బంతులాట, అలకపాన్పు, వియ్యపురాలి మీద వేళాకోళం పాటలు, మంగళహారతులు అన్నీ నోటికే వచ్చు. కూర్చోబెట్టి క్యాలెండరు కాగితం వెనక చిట్టా రాస్తే 43 తేలాయి.

గది గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద, పదడుగులకి పన్నెండు. సామానంతా నాలుగేళ్ళుగా కొద్దికొద్దిగా కొనుక్కున్నదే. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, పాత ల్యాప్‌టాప్, అందులో రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్, రెండు పవర్డ్ స్పీకర్లు. శ్రుతికి అత్తయ్య ఇంట్లో ఉన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, తంబూరాలా ఆధారస్వరాన్ని ఆపకుండా మోగించేది. మైకు మొదటి ఇన్‌పుట్‌కి, శ్రుతిపెట్టె కేబులుతో రెండో ఇన్‌పుట్‌కి. అత్తయ్య చెవులకి హెడ్‌ఫోన్స్.

ఐదు శ్రుతి పెట్టాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరనిమిషం విని తీసేసింది.

"శ్రుతి ఊగుతోందిరా."

"ఎలక్ట్రానిక్ పెట్టె అత్తయ్యా, అది ఊగదు."

"ఊగకపోతే మరి నాకు కళ్ళు తిరుగుతున్నాయా?"

అలవాటు లేని హెడ్‌ఫోన్స్ కదా, దానికి తోడు వయసు అని లోపల్లోపల అనుకున్నాను. ఎలాగో ఆరు పాటలు పాడించాను. రాత్రి వింటే కడుపులో దేవినట్టయింది. వెనకాల గుయ్యిమని ఒక మోత. దాని మీద సుయ్యిమని మరొకటి. మధ్యమధ్య టిక్కు టిక్కు. మైకు కేబులు కదిలినప్పుడల్లా చిటపట. మూడో పాటలో అయితే డిగిడిగిడిగి అంటూ మిషను తిరుగుతున్నట్టు ఏదో వచ్చింది. పాటలు లేని చోట మీటరు చూస్తే మైనస్ 43 డెసిబెల్స్. ఆడియోబుక్‌లు తీసుకునే ఏసీఎక్స్ వాళ్ళు నిశ్శబ్దం మైనస్ 60 కంటే కిందికి ఉండాలంటారు. పెళ్ళిపాటలకి అంత పట్టింపు ఎవరికీ ఉండదు గానీ, ఎక్కడికి చేరాలో ఒక గీత ఉంటే మంచిది. నా గీత మైనస్ 60.

మార్చి 12, బుధవారం

ఆఫీసు అయ్యాక గంటసేపు కూర్చున్నాను. ఇన్ని రకాల మోతలు కలిసి ఉన్నప్పుడు ఏది ఎక్కడినుంచి వస్తోందో చెవికి అందదు. అందుకని మరమ్మతులేవీ పెట్టుకోకుండా, ముందు ఒక్కటే తేల్చుకున్నాను. ఈ మోత ఫైల్లో ఉందా, నేను వినే దారిలో ఉందా?

స్పీకర్ల కేబులు పీకేసి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. పెద్ద గుయ్యి పోయింది! అంటే అది ఫైల్లో ఎక్కలేదు, స్పీకర్ల వరకే. ఫైల్లో ఉన్నది చిన్న మోత, వేరే జాతిది. మూడు రోజులుగా ఈ రెంటినీ ఒకటే అనుకుని, మైకుని గదంతా తిప్పాను. స్పీకర్లలో మోతకి మైకుని తిప్పితే ఏమొస్తుంది?

సుయ్యిమనే దానికి కారణం తేలిగ్గానే దొరికింది. అత్తయ్య మైకుకి రెండున్నర అడుగుల దూరంలో కూర్చుంది. గొంతు అందడం లేదని గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే బిరడా) దాదాపు చివరిదాకా తిప్పాను. దాంతో గొంతుతో పాటు గదీ, ఇంటర్‌ఫేస్ సొంత సొదా పెరిగాయి. దూరాన్ని జానెడున్నరకి తెచ్చి గెయిన్ తగ్గిస్తే చాలావరకు తగ్గింది. దగ్గరగా కూర్చుంటే పకారాలకి, బకారాలకి మైకు మీద ఉఫ్‌మని పడుతుంది. దానికి ఎంబ్రాయిడరీ రింగుకి పాత సాక్సు గుడ్డ బిగించి అడ్డం పెట్టాను. కొన్నదానికి దీనికి తేడా నాకైతే తెలియలేదు.

మార్చి 15, శనివారం

ఈ రోజంతా స్పీకర్ల గుయ్యికే సరిపోయింది. రాసుకోవాల్సింది చాలా ఉంది.

గదిలో రెండు స్విచ్ బోర్డులు. బల్ల పక్కనున్న బోర్డులో ల్యాప్‌టాప్ చార్జరు, ఎదురుగోడ మీద ఏసీ పక్కనున్న బోర్డులో స్పీకర్లు. రెండూ మూడు పిన్నులవే. ఒక ఎర్తు ల్యాప్‌టాప్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి, అక్కణ్ణుంచి ఆడియో కేబులు పైతొడుగు మీదుగా స్పీకర్లకి వెళ్ళి, అక్కడ రెండో ఎర్తుని కలుస్తోంది. రెండు ఎర్తులూ ఒకే మట్టంలో ఉంటే గొడవ లేదు. ఒకటి రెండు వోల్టులు తేడా ఉన్నా, ఆ కేబులు తొడుగు మీదుగా కరెంటు పారుతుంది. అదే గుయ్యి. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఇంతవరకు చదువుకున్నదే. మల్టీమీటరు తెచ్చి కొలిస్తే కథ మలుపు తిరిగింది. బల్ల పక్క బోర్డులో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు. ఫేజుకీ ఎర్తుకీ 228. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 0.0. ఇంత శుభ్రమైన ఎర్తా అని మురిసిపోయాను. ఏసీ పక్క బోర్డులో న్యూట్రల్, ఎర్తుల మధ్య 0.8 ఉంది. అది కాస్త తక్కువ రకం అనుకున్నాను.

కింద అమ్మ ఇస్త్రీపెట్టె పెట్టింది. స్పీకర్లలో గుయ్యి ఒక్కసారిగా పెరిగింది. మళ్ళీ కొలిచాను. ఏసీ బోర్డులో 0.8 కాస్తా 2.6 అయింది. బల్ల పక్క బోర్డులో మాత్రం అదే 0.0. అప్పుడు అనుమానం వచ్చింది. ఇస్త్రీపెట్టె కరెంటు న్యూట్రల్ తీగ మీదుగానే తిరిగివెళ్తుంది. తీగ అన్నాక దాని మీద కాస్త వోల్టేజి పడాలి, నిజమైన ఎర్తుతో పోలిస్తే తేడా కనిపించాలి. ఎంత లోడు పడ్డా సున్నా చూపిస్తోందంటే అది ఎర్తు కాదు. న్యూట్రలే!

ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ఫోను చేస్తే సాయంత్రం వచ్చాడు. మెయిన్ ఆపి బోర్డు విప్పాడు. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్తు స్క్రూకి బెత్తెడు ఆకుపచ్చ తీగ ముక్క. ఈ బోర్డుదాకా అసలు ఎర్తు వైరే లాగలేదు. ఎప్పుడో మేడ వేసినప్పుడు ఎవరో చేసిన పని. మూడో కన్నం ఖాళీగా ఉంటే ఇంటివాళ్ళు అడుగుతారని ముక్క కలిపేసి వెళ్ళిపోయారు.

"మీటరు పెడితే బ్రహ్మాండంగా చూపిస్తది సార్ ఇది. ఎక్కడన్నా న్యూట్రల్ తెగిందనుకోండి, మీ ల్యాప్‌టాపు రేకంతా ఫేజే" అన్నాడు బాబాయ్, పకోడీల గురించి చెప్పినంత మామూలుగా. నాకు ఒళ్ళు జలదరించింది. అత్తయ్య మైకు స్టాండు పట్టుకుని పాడుతుంది. ఆ స్టాండుకీ మైకుకీ, మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ, దానికీ ల్యాప్‌టాప్‌కీ అన్నీ లోహంతోనే సంబంధాలు.

ముక్క పీకేశాడు. ఏసీ బోర్డుకి నిజమైన ఎర్తు వస్తోంది కాబట్టి అక్కణ్ణుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ రాగి వైరు పైపులోంచి లాగాడు. గంటన్నర పట్టింది. తరవాత ఎర్తు గొయ్యి ఎక్కడని అడిగాడు. పెరట్లో మోటారు పక్కన, మూత మీద కుండీ పెట్టేసి ఉంది. తీస్తే లోపల మట్టి పొడిపొడిగా ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గొయ్యే అయినా తేమ లేకపోతే పనిచేయదట. రెండు బిందెల నీళ్ళు పోయించాడు. వేసవంతా వారానికోసారి పొయ్యమన్నాడు. సౌండ్ ఇంజనీరింగు నేర్చుకుందామని కూర్చుంటే తోటమాలి పని పడింది.

రెండు బోర్డుల ఎర్తుల మధ్య ఇప్పుడు 0.1 వోల్టు కూడా లేదు. స్పీకర్లలో గుయ్యి ముప్పాతిక భాగం పోయింది.

మార్చి 16, ఆదివారం

మిగిలిన పాతిక భాగం సంగతి. స్పీకర్లకి నేను వాడుతున్న కేబులు పిన్ను మీద ఒకటే నల్లగీత ఉన్న రకం, టీఎస్. రెండు గీతలుంటే టీఆర్ఎస్. టీఆర్ఎస్‌లో సంకేతం రెండు తీగల మీద ఎదురెదురుగా వెళ్తుంది. దారిలో పడిన మోత రెంటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, అవతల స్పీకరు ఆ రెంటికీ తేడా తీసుకుంటే మోత కొట్టుకుపోయి పాట మిగులుతుంది. నా ఇంటర్‌ఫేస్‌కీ స్పీకర్లకీ ఈ సౌకర్యం మొదటినుంచీ ఉంది. వంద రూపాయలు మిగులుతాయని నాలుగేళ్ళ కిందట నేనే టీఎస్ కొన్నాను. ఈరోజు మార్చాను. ల్యాప్‌టాపూ స్పీకర్లూ ఒకే స్పైక్ బోర్డుకి తెచ్చాను. స్పీకర్లు ఆన్‌లో ఉన్నాయో లేదో లైటు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడో మాట. ఎర్తు పిన్ను విరగ్గొడితే గుయ్యి పోతుందని వీడియోల్లో చెప్పేవాళ్ళున్నారు. పోతుంది, నిజమే. దాంతోపాటు షాకు కొట్టకుండా కాపాడే తీగా పోతుంది. ఆ పని చెయ్యకండి. బోర్డు విప్పే పని కూడా లైసెన్సున్న మనిషికే వదిలెయ్యండి, కొలవడం వరకే మనది.

మార్చి 22, శనివారం

చిల్లరవన్నీ ఈరోజు.

టిక్కు టిక్కు: ల్యాప్‌టాప్ వెనకబడటం వల్ల. బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శబ్దపు ముక్క) 64 శాంపిళ్ళలో ఉంది, 256 చేశాను. 48 వేల శాంపిళ్ళ రేటులో అది 5 మిల్లీసెకన్ల పైచిలుకు. అత్తయ్యకి గొంతు ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా వినిపిస్తుంది కాబట్టి ఆలస్యం బాధ లేదు. వైఫై ఆపేశాను. మళ్ళీ రాలేదు.

చిటపట: మైకు కేబులు. ఒక చివర పిన్ను విప్పితే పైతొడుగు తీగ టాంకా వదిలి ఊగులాడుతోంది. ఒకటో నంబరు పిన్ను అది. కండెన్సర్ మైకుకి వెళ్ళే 48 వోల్టుల కరెంటు తిరిగి రావాల్సిన దారి అదే. అది తెగుతూ కలుస్తూ ఉంటే చిటపటలాడక ఏం చేస్తుంది. మళ్ళీ సోల్డరింగ్ చేసి, మల్టీమీటరు బీప్ పెట్టి మూడు పిన్నులూ చూసుకున్నాను. మైకు చానెల్లో ఉన్న కొద్దిపాటి హమ్ కూడా దీనితోనే పోయింది.

డిగిడిగిడిగి: అత్తయ్య బటన్ల ఫోను. 2జీ ఫోను టవరుతో మాట్లాడేటప్పుడు సెకనుకి 217 సార్లు చొప్పున ఆగి ఆగి రేడియో తరంగాలు వదులుతుంది. దగ్గర్లో ఉన్న కేబుళ్ళు వాటిని పట్టుకుంటాయి. గుర్తుచేసుకుంటే మూడో పాటలో ఆ మోత వచ్చిన రెండు మూడు సెకన్లకే ఫోను మోగింది. ఇకమీద చేతిసంచీ కిందింట్లోనే.

నిశ్శబ్దం మైనస్ 58.

మార్చి 29, శనివారం

గది. సిగ్గుపడాల్సిన సంగతి ముందు రాసేస్తాను: కోడిగుడ్ల అట్టలు 30 తెచ్చి గోడకి అంటించాను. చప్పట్లు కొట్టి చూస్తే గణగణ కాస్త మారిందే గానీ తగ్గలేదు. వీధిలో ఆటో హారన్ యథాతథం. శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి, పీల్చాలంటే మందమైన పీచు కావాలి. గుడ్ల అట్టకి రెండూ లేవు. అత్తయ్య చూసి "గుడ్లేవిరా?" అంది.

దూది పరుపు వాళ్ళింట్లో అటక మీద ఉంది. దించి, అత్తయ్య కూర్చునే కుర్చీ వెనక నిలబెట్టాను. మైకు వెనక కాదు, మనిషి వెనక. కార్డియాయిడ్ మైకు ముందువైపే బాగా వింటుంది. ముందు ఉన్నది అత్తయ్యా, ఆమె వెనక గోడా. గొంతు వెళ్ళి ఆ గోడకి కొట్టుకుని తిరిగొచ్చేదాన్ని పరుపు మింగేస్తోంది. రెండు పక్కలా తీగ మీద బొంతలు. గోడకి అంటించిన అట్టలు పీకితే సున్నం కూడా వచ్చింది, అది వేరే ఖర్చు.

ఫానుదో విచిత్రం. అయిదు మీద కంటే రెండు మీద పెట్టినప్పుడు ఎక్కువ గుర్రుమంటోంది. రెగ్యులేటరు కరెంటు అలని ముక్కలు కోసి వేగం తగ్గించే రకం. ఆ కోతకి మోటారే పాడుతోంది. ఎలాగూ రికార్డింగులో ఫాను ఆపాల్సిందే. పాట పాటకీ మధ్య అయిదు నిమిషాలు ఫాను, మంచినీళ్ళు.

నిశ్శబ్దం మైనస్ 63. గీత దాటాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి తిని, అత్తయ్యని మేడ మీదికి తీసుకెళ్ళాను. గర్వంగానే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది, తీసేసింది.

"మిగతావన్నీ బాగున్నాయిరా నాన్నా. శ్రుతి ఇంకా ఊగుతోంది."

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. మా లైను మొదట్లో పందిరి. పొద్దున ఆరింటి నుంచి మైకు. రికార్డింగు మాట తలపెట్టే పని లేదు. పానకం తాగి వచ్చి, తలుపు మూసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శ్రుతి చానెల్ ఒక్కటే విన్నాను. ఈ పని నెల కిందటే చెయ్యాల్సింది. ఎందుకు చెయ్యలేదంటే, శ్రుతిపెట్టె మోతే ఒక మోత. గుయ్యిమనడమే దాని ఉద్యోగం. పైగా నిశ్శబ్దం కొలిచిన ప్రతిసారీ బుద్ధిగా దాన్ని ఆపేసి కొలిచాను. దొంగని బయటికి పంపి ఇల్లు సోదా చేసినట్టు.

శ్రద్ధగా వింటే ఉంది. మంద్ర షడ్జం (కింది స) మీద సెకనుకి రెండుసార్లు మెల్లగా ఉబ్బి తగ్గుతోంది. ఊయల మీద కూర్చున్నట్టు.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రం తీశాను, అంటే ఏ స్వరం ఎంత ఉందో చూపించే గ్రాఫు. ఐదు శ్రుతి అంటే కీబోర్డు మీద జి. శ్రుతిపెట్టె మంద్ర షడ్జం 98 హెర్ట్జ్ (సెకనుకి 98 కంపనాలు), పంచమం 147కి కాస్త తక్కువ, మధ్య షడ్జం 196. ఆ మూడు శిఖరాలూ ఉన్నాయి. వాటి పక్కనే అంటుకుని మరో మూడు: 100, 150, 200.

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100, మూడింతలు 150, నాలుగింతలు 200. అంటే కరెంటువాడు కూడా ఐదు శ్రుతిలోనే తంబూరా వేస్తున్నాడు, షడ్జమమూ పంచమమూ సహా. కాకపోతే కాస్త ఎక్కువ శ్రుతిలో, అరస్వరంలో మూడోవంతు పైన. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి మోగితే, వాటి మధ్య తేడా ఎంతో సెకనుకి అన్ని ఊపులు వస్తాయి. 100లోంచి 98 తీస్తే 2. సెకనుకి రెండు ఊపులు. పంచమం దగ్గర మూడు, మధ్య షడ్జం దగ్గర నాలుగు. అత్తయ్య మొదటి రోజు చెప్పింది అక్షరాలా ఇదే.

అనుమానం తీరడానికి ఒక పరీక్ష చేశాను. పెట్టెని నాలుగున్నర శ్రుతికి దించాను. మంద్ర షడ్జం 92.5కి వచ్చింది. ఊపు పోయి గరగర వచ్చింది, సెకనుకి ఏడెనిమిది సార్లు. శ్రుతి మార్చినా శిఖరం 100 దగ్గర కదలకుండా కూర్చుంది. పెట్టె పాడేదైతే పెట్టెతోపాటు దిగాలి. ఇది కచ్చితంగా గోడలోంచి వచ్చిందే.

(అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి గుయ్యి మన లెక్కలో ఆరున్నరకీ ఏడుకీ నట్టనడుమ పడుతుంది, ఏ శ్రుతికీ చెందకుండా. వదిన వాళ్ళింట్లో పాడితే అత్తయ్యకి ఈ ఊగుడు ఉండదు, ఇంకేదో వినిపిస్తుంది.)

మొదటి రోజు తీసిన ఆరు పాటల్ని కాపాడదామని 100, 150, 200 దగ్గర సన్నటి నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క చోటునే కోసేసేవి) పెట్టాను. 200ని కోస్తే నాలుగు హెర్ట్జ్ దూరంలో ఉన్న 196 కూడా చిక్కిపోయింది. అది ఆధార షడ్జం! మూడుచోట్లా కోశాక తంబూరా డొల్లగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు తయారైంది. పోనీ ఆ ట్రాకు తీసేసి కొత్త శ్రుతి పెట్టొచ్చు. కానీ ఆమె పాడింది ఆ ఊగే శ్రుతి చెవిలో పెట్టుకుని. ఒకటి రెండు చోట్ల గొంతు ఎటు ఆనాలో తెలియక వెతుక్కోవడం ఇప్పుడు నాకూ వినిపిస్తోంది. ఆరూ పక్కన పెట్టేశాను.

బయట పందిట్లో కల్యాణం అయిపోయి ఎవరో మైకు పట్టుకున్నారు. మాట మాటకీ మధ్య ఆ లౌడ్‌స్పీకర్లలో కూడా అదే ఐదు శ్రుతి.

ఏప్రిల్ 12, శనివారం

శ్రుతిపెట్టెలో బ్యాటరీలు వేసి అడాప్టర్ పీకేశాను. 100, 150, 200 మూడూ మాయం. ఇంత చిన్న పని!

అడాప్టర్ పాతకాలం బరువు రకం, 9 వోల్టులది. కొత్త స్విచింగ్ రకంలా తేలిగ్గా ఉండదు, లోపల ట్రాన్స్‌ఫార్మరు. ప్లగ్గు నుంచి తీసి, కాసేపు ఆగి, మూత విప్పాను. నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్. 50 హెర్ట్జ్ అలలో కింది సగాన్ని కూడా డయోడ్లు పైకి తిప్పుతాయి. అందుకే సెకనుకి 100 గుట్టలు, వాటి రెట్టింపు 200 కూడా. రెండు సగాలూ సరిగ్గా సమానంగా లేకపోతే 150 కూడా తోడవుతుంది. ఆ గుట్టల్ని చదును చెయ్యడం కెపాసిటర్ పని. అది ఎండిపోతే చదును సరిగ్గా ఉండదు, గుట్టలు అలాగే పెట్టెలోకి వెళ్ళి పాటలో కలుస్తాయి. కెపాసిటర్ నెత్తి బొడిపెలా ఉబ్బి ఉంది. అదే 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు, 105 డిగ్రీల రకం ఎలక్ట్రానిక్స్ కొట్లో తెచ్చి వేశాను. ప్లస్ మైనస్ తారుమారు కాకుండా రెండుసార్లు చూసుకున్నాను, తారుమారైతే టపాసే.

ఇప్పుడు అడాప్టర్ మీద కూడా 100 దగ్గర శిఖరం దాదాపు లేదు. అయినా రికార్డింగుకి బ్యాటరీలే. గోడతో సంబంధం ఎంత తక్కువుంటే అంత మంచిది. ల్యాప్‌టాప్ కూడా పాట పాడేసేపు చార్జరు లేకుండానే.

ఏప్రిల్ 13, ఆదివారం

అత్తయ్య వచ్చింది. ఏం మార్చానో చెప్పలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఈసారి తియ్యలేదు. చెయ్యి తొడ మీద తాళం వేసుకుంటూ నేరుగా నలుగు పాట ఎత్తుకుంది. నేను రికార్డు బటను నొక్కేలోపే మొదటి పాదం అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి పాడమంటే "నువ్వు ఇందాకే నొక్కాల్సింది" అని తిట్టి పాడింది.

తొమ్మిది పాటలు అయ్యాయి. వాటిలో రెంటికి కొత్త గొడవ. తారషడ్జం (పై స) మీద నిలబడినప్పుడల్లా జిర్రుమని ఏదో పలుకుతోంది. మైకు అనుకున్నాను, ఇంటర్‌ఫేస్‌లోని ప్రీయాంప్ అనుకున్నాను, క్లిప్పింగ్ (శబ్దం మోతాదు మించి పగలడం) అనుకున్నాను. మీటరు మైనస్ 10 కూడా దాటలేదు. చివరికి నేనే ఆ స్వరం పట్టి గదిలో తిరిగితే ఇనప బీరువా తలుపు. ఆ స్వరానికే వణుకుతోంది. సందులో పోస్టుకార్డు మడిచి దూర్చాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఏడు పాటలు. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఎత్తుకుంది. మాది చవకరకం, గుండ్రటి అల ఇవ్వదు, మెట్లు మెట్లుగా ఇస్తుంది. స్పీకర్లలో బుర్రు. అయినా మైకూ పెట్టే ల్యాప్‌టాపూ బ్యాటరీల మీదే ఉన్నాయి కదా, ఫైల్లో ఒక్క గీత కూడా పడలేదు. కరెంటు పోతే పక్కింటి ఏసీ కూడా ఆగుతుంది. ఇప్పటిదాకా తీసినవాటిలో శుభ్రమైన టేకు కరెంటు కోతలో వచ్చిందే. మైనస్ 66.

గదిలో మాత్రం నిలవలేకపోయాం. రెండు పాటలకోసారి కిందికి దిగి మజ్జిగ.

ఏప్రిల్ 27, ఆదివారం

ఎనిమిది. పొద్దున ఆరుకి మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపేస్తున్నాం. ఎండా తప్పుతోంది, ఆటోలూ తక్కువ. కాకులు మాత్రం ఉంటాయి. రెండు పాటల్లో కాకి ఉంది, తియ్యలేదు. పెళ్ళిపాటలో కాకి అరిస్తే చుట్టాలొస్తారని వదిన సంతోషిస్తుంది.

వియ్యపురాలి మీద పాటలో ఒక చరణం దగ్గర ఆగిపోయి "ఇది నీకెందుకులే" అంది. ఎంత బతిమాలినా పాడలేదు. అమ్మని పైకి పంపి, నేను బటను నొక్కి కిందికి వచ్చేశాను. పైనుంచి ఇద్దరి నవ్వులూ వినబడ్డాయి. ఆ ఫైలు నేను వినకుండానే పంపాలట.

మే 4, ఆదివారం

మొదటి ఆరూ మళ్ళీ పాడించాను. మొత్తం లెక్క: ఏప్రిల్ 13న తొమ్మిది, 20న ఏడు, 27న ఎనిమిది, ఈరోజు ఆ ఆరుతో కలిపి పదకొండు. 35. ఇంకో ఏడు వచ్చే ఆదివారం అయిపోతాయి.

మిగిలేది ఒక్కటి, అప్పగింతల పాట. చిట్టాలో మొదట రాయించింది అదే. ఇప్పటికి మూడుసార్లు అడిగాను. ఆడపిల్ల ఎదురుగా లేకుండా అది ఊరికే పాడే పాట కాదంటుంది. జులైలో వదిన, అమ్మాయి వస్తారు, అమ్మాయిని పరుపు పక్కన కూర్చోబెట్టుకుని పాడుతుందట. హెడ్‌ఫోన్స్ పెట్టుకోనని, శ్రుతిపెట్టె కూడా వద్దని ఇప్పుడే చెప్పేసింది.

అప్పటిదాకా సామాను ఇలాగే ఉంచాలి. మైకు డబ్బాలో కొత్త సిలికా జెల్ వేశాను, జులై అంటే వానలు. శ్రుతిపెట్టెలోంచి బ్యాటరీలు తీసి విడిగా పెట్టాను, కారకుండా. ఎర్తు గొయ్యిలో ఈ వారం నీళ్ళు ఇంకా పొయ్యలేదు.